మూడు రంగుల ఇటాలియన్ బాదం కుకీలు: బెజవాడ వేడిలోనూ కుదిరే కొలతలు

ఈ కుకీ ముక్కను పక్కనుంచి చూస్తే ఏడు వరసలు లెక్కకొస్తాయి. అడుగున చాక్లెట్, దాని మీద ఆకుపచ్చ కేకు, పల్చటి జామ్, తెల్ల కేకు, మళ్లీ జామ్, ఎర్ర కేకు, పైన ఇంకోసారి చాక్లెట్. ఇన్ని ఉన్నా ఎత్తు రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూగానే ఉంటుంది. పేరుకు కుకీ అంటారు గానీ కరకరలాడదు. పంటి కింద మెత్తగా, కాస్త సాగుతూ, బాదం కట్లీకీ కేకుకీ మధ్య రకంగా ఉంటుంది. ఇటలీ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డవాళ్లు తమ జెండా రంగుల్లో చేసుకున్న మిఠాయి ఇది. న్యూయార్క్ వైపు ఇటాలియన్ బేకరీల్లో రెయిన్‌బో కుకీ అనీ, సెవెన్ లేయర్ కుకీ అనీ అమ్ముతారు. క్రిస్మస్‌కి తప్పనిసరిగా చేస్తారు.

అందరూ రంగులు చూసి ముచ్చటపడి మొదలుపెడతారు. చెడేది మాత్రం చాలాసార్లు బాదం ముద్ద దగ్గరే. ఈ కేకు పొరలో బేకింగ్ పౌడర్ లేదు, పాలు లేవు. పొరకు తేమ, సాగుడు, వాసన అన్నీ ఆ ముద్దే ఇవ్వాలి. దాన్ని సరిగ్గా చేసుకుంటే మిగతా పనంతా ఓపిక మీద నడిచిపోతుంది. అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను.

ముద్దకు 150 గ్రాముల మామూలు కాలిఫోర్నియా బాదం తీసుకోండి. మామ్రా బాదం ఖరీదెక్కువ, నూనె కూడా ఎక్కువ, ఈ పనికి అక్కర్లేదు. మరిగే నీళ్లలో ఒక్క నిమిషం వేసి, చన్నీళ్లలోకి మార్చి నొక్కితే తొక్క జారిపోతుంది. బాదం పాలకు చేసినట్టు రాత్రంతా నానబెట్టకండి. నానిన పప్పు లోపలిదాకా నీళ్లు పీల్చుకుంటుంది, మిక్సీలో వేస్తే పచ్చడిలా జారుగా వస్తుంది, ఆ నీరు మొత్తం కేకులోకి దిగి పొర పిండిపిండిగా, బరువుగా తయారవుతుంది. తొక్క తీసిన పప్పును పొడిగుడ్డ మీద పరిచి ఫ్యాన్ కింద నాలుగైదు గంటలు ఆరబెట్టండి. వానాకాలంలో, కృష్ణ ఒడ్డు తేమ గాలిలో అది చాలదు. ఓటీజీలో, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో, 100 డిగ్రీల దగ్గర పావుగంట పెట్టి, పూర్తిగా చల్లారనివ్వండి. ఒక పప్పు విరిచి చూస్తే టక్కున విరగాలి. వంగిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

ఆరిన పప్పును 110 గ్రాముల పంచదార పొడితో కలిపే మిక్సీలో వెయ్యాలి. పప్పు ఒక్కదాన్నే తిప్పితే నూనె బయటికొస్తుంది. పంచదార తోడుంటే ఆ నూనెను పట్టి ఉంచుతుంది. ఆగకుండా తిప్పొద్దు: అయిదు సెకన్లు తిప్పి ఆపి, జార్ కుదిపి, అడుగు గీరి, మళ్లీ అయిదు సెకన్లు. మన మిక్సీల మోటారు జోరుకి జార్ అడుగు తొందరగా వేడెక్కుతుంది. చేత్తో ముట్టుకుంటే వెచ్చగా తగిలిన మరుక్షణం ఆపేసి, జార్‌ను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. పొడి అంచుల్లో గట్టిగా అతుక్కుంటూ నిగనిగలాడిందంటే నూనె వదలడం మొదలైనట్టు. అక్కడితో ఆపి జల్లెడ పట్టి, మిగిలిన పలుకుల్ని మాత్రమే మళ్లీ తిప్పండి. చివర్లో ఒక గుడ్డు తెల్లసొనను, అంటే దాదాపు 30 గ్రాముల్ని, చెంచా చెంచాగా పోస్తూ చపాతీ పిండి కంటే కాస్త గట్టి ముద్దగా చెయ్యాలి. మొత్తం పట్టకపోవచ్చు, ముద్ద అయ్యాక ఆపండి. కవర్‌లో చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. సుమారు 280 గ్రాములొస్తుంది. ఒక వాయికి 120 గ్రాములు చాలు, మిగతాది ఫ్రీజర్‌లో రెండు నెలలు నిలవుంటుంది. సగమే చేద్దామంటే అంత కొంచెం పప్పు మిక్సీ బ్లేడుకు అందక గోడలకు అంటుకుపోతుంది.

నూనె పూర్తిగా వదిలేసిన ముద్దను ఈ కుకీల్లో వాడొద్దు. పిండి కలిపేటప్పుడు వెన్నతో కలవక విడిపోతుంది, కాలాక పొర జిడ్డుగా ఉంటుంది. దాన్ని రవ్వలడ్డులోనో హల్వాలోనో వేసేసుకోవచ్చు.

కొట్టులో ఇంకో పొరపాటు జరుగుతుంది. బాదం పౌడర్ అని అడిగితే పాలల్లో కలుపుకునే బాదం మిక్స్ చేతికిస్తారు. అందులో పంచదార, యాలకులు, పసుపు రంగు ఉంటాయి, ఇక్కడ పనికిరాదు. మార్జిపాన్ కూడా వేరే వస్తువు. దాన్లో పంచదార వాటా ఎక్కువ, పొర తియ్యగా అవుతుందే తప్ప బాదం రుచి తెలీదు.

ఆ వాసన సంగతి. ఈ కుకీల్లో గుప్పుమనే బాదం వాసన మనం తినే తియ్య బాదంలో ఉండదు. అది చేదు బాదం, ఆప్రికాట్ గింజల్లో ఉండే వాసన. అందుకే ఆల్మండ్ ఎక్స్‌ట్రాక్ట్ అర టీస్పూను వేస్తారు. అంతకు మించితే దగ్గుమందులా కొడుతుంది. ఎక్స్‌ట్రాక్ట్ బదులని ఖుబానీ (ఎండు ఆప్రికాట్) గింజలు పగలగొట్టి లోపలి పప్పు పచ్చిగా నూరి వెయ్యడం మాత్రం చెయ్యకండి. చేదుగా ఉండే ఆ పప్పులో అమిగ్డలిన్ ఉంటుంది, కడుపులోకి వెళ్లాక సయనైడ్ వదులుతుంది. పిల్లలకు అది నిజంగా ప్రమాదం.

ఇక ఒక వాయి కొలతలు. 20 సెంటీమీటర్ల చదరపు ట్రేలో మూడు పొరలకు: బాదం ముద్ద 120 గ్రాములు, పంచదార 110, ఉప్పులేని వెన్న 140, మైదా 135, గుడ్లు రెండు, ఆల్మండ్ ఎక్స్‌ట్రాక్ట్ అర టీస్పూను, ఉప్పు రెండు చిటికెలు. ఉప్పు వెన్నే ఉంటే విడిగా ఉప్పు వెయ్యొద్దు. ఇంట్లో చిలికిన వెన్నలో నీళ్లూ మజ్జిగా ఎక్కువ ఉంటాయి కాబట్టి ఇందులోకి వద్దు, దాన్ని నెయ్యికే ఉంచండి. మన పంచదార పలుకు పెద్దది, మిక్సీలో రెండు తిప్పులు తిప్పి సన్నం చేసుకోండి. పూర్తి పొడి అక్కర్లేదు. గిన్నెల్లోకి కప్పులతో కొలవకుండా కాటా పెట్టుకోండి. ఇంత పల్చటి పొరల్లో ఇరవై గ్రాముల తేడా కూడా కంటికి కనబడుతుంది.

వెన్న ఎంత మెత్తగా ఉండాలన్నది పుస్తకాల్లో రూమ్ టెంపరేచర్ అని రాసి వదిలేస్తారు. ఆ గది చలిదేశపు గది, 20 డిగ్రీలది. గుంటూరులో ఏప్రిల్ మధ్యాహ్నం గదిలో పెడితే వెన్న పావుగంటలో నూనె అవుతుంది. ఫ్రిజ్ నుంచి తీసి ముక్కలు చేసి పది నిమిషాలు ఉంచితే చాలు. వేలు నొక్కితే గుంట పడాలి, వేలికి మెరుపు అంటకూడదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో తెల్లవారుజామున అయిదింటికో, ఏసీ గదిలోనో కలుపుకోండి. గిన్నెను కూడా ముందు ఫ్రిజ్‌లో పెట్టండి.

కలిపే వరస మార్చొద్దు. ముందు బాదం ముద్దను చీజ్ తురిమినట్టు తురమండి. 85 గ్రాముల పంచదారతో కలిపి వేళ్లతో నలిపితే తడి ఇసుకలా అవుతుంది. అందులో ఒక్క ఉండ కూడా మిగలకూడదు. ఆ తర్వాతే వెన్నను ముక్క ముక్కగా వేస్తూ బీటర్‌తో మూడు నాలుగు నిమిషాలు గిలకొట్టాలి. వెన్న ముందు వేసి ముద్ద తర్వాత వేస్తే, ముద్ద వెన్నలో జారిపోతూ ఉండలుగానే ఉండిపోతుంది. కాలిన పొరలో అవి తెల్ల మచ్చల్లా తేలి, కోసేటప్పుడు చాకుకి తగిలి ముక్క చీలుతుంది. పచ్చసొనలు ఒక్కొక్కటి, ఎక్స్‌ట్రాక్ట్ వేసి కలపండి. మిశ్రమం తెల్లబడి, మెత్తటి వెన్నలా నిలబడాలి. పెరుగు విరిగినట్టు కనిపిస్తే మన ఎండల్లో చాలాసార్లు వేడెక్కిందన్నమాట. గిన్నెను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ కొడితే కలుస్తుంది. మైదా జల్లించి వేసి, పొడి కనిపించకుండా పోయేవరకే కలపండి.

తెల్లసొనల్ని వేరే పొడి గిన్నెలో నురగ కట్టించి, మిగిలిన 25 గ్రాముల పంచదార వేసి, బీటర్ పైకెత్తితే కొన నిలబడేదాకా కొట్టండి. ఈ కేకు పొంగడానికి ఉన్న ఆధారం ఇదొక్కటే. పచ్చసొన చుక్క పడ్డా, గిన్నెకు జిడ్డున్నా నురగ రాదు. మూడో వంతు నురగను ముందు పిండిలో వేసి కాస్త గట్టిగానే కలిపితే పిండి వదులవుతుంది. మిగతాది అట్లకాడతో కిందినుంచి పైకి మడుస్తూ కలపాలి.

ఇప్పుడు పిండి మొత్తం సుమారు 600 గ్రాములుంటుంది. మూడు గిన్నెల్లోకి 200 చొప్పున తూచండి. ఒకటి అలాగే ఉంచి, మిగతా రెండింటికి రంగు వెయ్యండి. జెల్ రంగే మంచిది, పుల్లమొనతో తీసి వేస్తే చాలు. నీళ్ల రంగు ముదురు రావాలంటే చెంచాడు పొయ్యాలి, ఆ తడికి నురగ చచ్చిపోతుంది. పొడి రంగు అయితే రెండు చుక్కల నీళ్లలో కరిగించి వెయ్యండి, నేరుగా వేస్తే చుక్కలు చుక్కలుగా ఉండిపోతుంది. పచ్చసొన వల్ల పిండి లేత పసుపుగా ఉంటుంది కాబట్టి ఎరుపు నారింజ వైపు తిరుగుతుంది. దానికి చిటికెడు గులాబీ రంగు కలిపితే సరిపోతుంది. ఆకుపచ్చ మాత్రం ఆ పసుపుతో ఇంకా అందంగా వస్తుంది. తెల్ల పొర మీగడ రంగులోనే ఉంటుంది, ఉండాలి కూడా. సీసా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు చూసుకుని కొనండి. బిస్కెట్లు, కేకుల్లాంటి వాటిలో కృత్రిమ రంగు కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మనదేశంలో నిబంధన. అందుకే రెడీమేడ్ కుకీల ఫొటోల్లో కనిపించేంత ముదురు రంగు కోసం పోటీపడక్కర్లేదు. బెజవాడవాళ్లకు ఈ రంగులు కొత్తేమీ కాదు. 1921లో ఇక్కడి కాంగ్రెస్ సమావేశాల్లో పింగళి వెంకయ్య గాంధీజీకి చూపిన జెండాలోనూ ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చే, తెలుపు తర్వాత చేరింది.

ట్రే అడుగున బేకింగ్ పేపర్ వేసి, రెండు పక్కల పైకి వదలండి, పట్టుకుని లేపడానికి. కొట్లలో బటర్ పేపర్ అని అమ్మేవాటిలో కొన్ని వేడికి కేకుకు అతుక్కుపోతాయి. పార్చ్‌మెంట్ అని, ఓవెన్‌లో పెట్టొచ్చని రాసి ఉన్నదే తీసుకోండి. పిండిని మూలలదాకా సమంగా పరవడానికి వంగిన పలుచటి అట్లకాడ ఉత్తమం. మధ్యలో కంటే అంచుల్లో వెంట్రుకవాసి ఎక్కువుండాలి, ఎందుకంటే కాలేటప్పుడు మధ్యభాగం లేస్తుంది. ఒకే ట్రే ఉంటే ఒకదాని తర్వాత ఒకటి కాల్చొచ్చు, ఆగే పిండిని చల్లగా ఉంచండి. మధ్యలో ట్రేని చల్లార్చకుండా వేడిదాంట్లోనే పిండి పరిస్తే పేపర్ పక్కనే వెన్న కరిగి పొర ఒకవైపు జారుతుంది.

ఓటీజీని 170 డిగ్రీల్లో పావుగంట ముందే వేడిచెయ్యండి. రెండు రాడ్లూ వేసుకుంటే ట్రేని మధ్య అర కంటే ఒక మెట్టు కింద పెట్టండి, పైన ఎర్రబడితే రంగు మురికి పడుతుంది. ఎనిమిది నుంచి పది నిమిషాలు. అంచులు ట్రే నుంచి లీలగా విడిపోవాలి, వేలితో నొక్కిన మధ్యభాగం మళ్లీ పైకి లేవాలి, పైన గోధుమరంగు రాకూడదు. మామూలు కేకులో రెండు నిమిషాలు ఎక్కువైనా తెలీదు. అర సెంటీమీటరు పిండికి రెండు నిమిషాలంటే పొర ఎండి, మడిస్తే పగిలిపోయేంత తేడా. ఓటీజీ డయల్‌ను నమ్మొద్దు, లోపల వేలాడదీసే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. ఈ కుకీలకే కాదు, మిగతా అన్నిటికీ పనికొస్తుంది.

జామ్ పుల్లగా ఉండాలి. బజారు మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ తీపి మీద తీపి అవుతుంది. ఎండు ఆప్రికాట్లతో ఇంట్లో చేసుకోవడం తేలిక: 150 గ్రాములు నాలుగు గంటలు నానబెట్టి, ఆ నీళ్లతోనే ఉడికించి, మెత్తగా రుబ్బి, 100 గ్రాముల పంచదార, ఒక టేబుల్ స్పూను నిమ్మరసం వేసి దగ్గరపడేదాకా తిప్పండి. పళ్లెంలో చుక్క వేసి వేలితో గీత గీస్తే గీత మూసుకుపోకూడదు. నారింజరంగు మెత్తటి రకం వాడండి. హైదరాబాద్ మిఠాయిలో వేసే గోధుమరంగు ఖుబానీకి రుచి వేరు, పులుపు తక్కువ. ఎండాకాలమైతే కలెక్టర్ మామిడికాయ దోరగా పండినప్పుడు గుజ్జు తీసి ఇలాగే జామ్ చెయ్యొచ్చు, బాదంతో ఆ పులుపు చక్కగా కుదురుతుంది. రసాలు వద్దు, పీచు పొరలమధ్య నిలుస్తుంది.

పొరలు పూర్తిగా చల్లారాక ఆకుపచ్చదాని మీద 75 గ్రాముల గోరువెచ్చటి జామ్ పల్చగా రాసి, తెల్లది పెట్టి, మళ్లీ 75 గ్రాములు రాసి, ఎర్రది బోర్లించండి. జామ్ ఎక్కువైతే పొరలు జారతాయి, తక్కువైతే కోసేటప్పుడు ఊడతాయి. కవర్ గట్టిగా చుట్టి, పళ్లెంలో పెట్టి, పైన చదునైన చెక్క పెట్టి, దాని మీద కిలో కందిపప్పు ప్యాకెట్లు రెండు పక్కపక్కన పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి. బరువు అంతటా సమంగా పడాలి, అందుకే పొత్రం కంటే పప్పు ప్యాకెట్లు మేలు. ఎనిమిది గంటలకు తక్కువ వద్దు. ఈ నొక్కుడు వల్లే జామ్ తడి కేకులోకి ఇంకి, మూడు పొరలూ ఒకే అచ్చులా అతుక్కుంటాయి. ఈ మెట్టు వదిలేస్తే మిగిలేది జామ్ కేకు.

చాక్లెట్ ఒక్కో వైపుకు 65 గ్రాములు. మరుగుతున్న నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించండి, ఒక్క నీటిచుక్క లోపల పడ్డా ముద్దకట్టి గరుకుగా అయిపోతుంది. 55 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్‌లో ముప్పావు టీస్పూను వాసనలేని నూనె కలిపితే కోసేటప్పుడు పెళ్లలుగా విరగదు. కాంపౌండ్ చాక్లెట్ (కోకో వెన్న బదులు వేరే కొవ్వుతో చేసేది) మన వేడికి తట్టుకుంటుంది నిజమే, కానీ నోట్లో మైనంలా అంటుకుంటుంది. ఊరికి మోసుకెళ్లే డబ్బాలకైతే అది వాడండి, ఇంట్లో తినడానికైతే అసలుదే. ఒకవైపు రాసి, పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, పేపర్ వేసి తిప్పి, రెండోవైపు రాయండి. సగం గట్టిపడ్డప్పుడు ఫోర్కుతో అలలు గియ్యొచ్చు.

కోత చాలా ముఖ్యం. ఫ్రిజ్ నుంచి తీసి పది నిమిషాలాగండి. పళ్లున్న పొడవాటి చాకును వేడినీళ్లలో ముంచి, తుడిచి, ముందు చాక్లెట్‌ను రంపంలా నెమ్మదిగా తెగనిచ్చి, ఆ తర్వాత ఒకే ఒత్తిడితో కిందిదాకా దింపండి. ప్రతి కోతకూ చాకు తుడవాలి, లేకపోతే చాక్లెట్ మరక తెల్లపొరంతా పులుముకుంటుంది. నాలుగంచులూ అర సెంటీమీటరు తీసేస్తే 19 సెంటీమీటర్ల చదరం మిగులుతుంది. ఒకవైపు అయిదు, ఇంకోవైపు ఏడు భాగాలు చేస్తే 35 ముక్కలు. తీసిన అంచుల్ని ఎవరికీ దాచక్కర్లేదు, వంటింట్లోనే అయిపోతాయి.

గాలి చొరని డబ్బాలో పొరకూ పొరకూ మధ్య పేపర్ వేసి ఫ్రిజ్‌లో పెడితే వారం రోజులు, ఫ్రీజర్‌లో రెండు నెలలు ఉంటాయి. మొదటి రోజు కంటే రెండో రోజు, మూడో రోజు రుచి పెరుగుతుంది. తినే ముందు డబ్బా బయటికి తీసి, మూత తియ్యకుండా అరగంట ఉంచండి. వెంటనే మూత తీస్తే మన తేమగాలికి చాక్లెట్ మీద చెమట పట్టి, ఆరాక తెల్లటి మచ్చలు మిగులుతాయి.